బోహుమిల్ సంతకం ఉన్న మూటలు

తమ్ముడు రాడిమ్‌కు,

మన బోహుమిల్‌ను ఇప్పుడే తలకు ఆపరేషన్ చేయడానికి తీసుకెళ్ళారు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఈ మెయిల్ రాస్తున్నాను.

వాడి ప్రోగ్రామ్ సోర్స్ కోడ్‌ను జనం దించుకునే చోట జీజిప్ పద్ధతిలో కుదించిన పాత మూటలు తీసేసి, కొత్త పద్ధతిలో కుదించి పెడుతున్నావు. "సగం చోటు చాలక్కా. సరుకు అదే, సంచి మారితే ఏం కొంప మునిగింది?" అని నవ్వావు. మిగతావి ఈ సాయంత్రం చెరిపేస్తానన్నావు.

పొద్దున వాడి ప్రోగ్రామ్‌తోనే పని నడిపే ఒస్త్రావాలోని ఒక రక్తనిధి నుంచి హినెక్ గారు ఫోన్ చేశారు. నువ్వు మార్చిన మూటను వాళ్ళ కంప్యూటర్ తీసుకోలేదట. "మేడమ్, బోహుమిల్ గారి సంతకం కలవడం లేదు. దొంగెవడైనా దూరాడా?" అన్నారు.

వాడు డిజిటల్ సంతకం చేసింది కుదించిన మూట మీద. తిరిగి కుదిస్తే అది చెల్లదు. మళ్ళీ సంతకం చేయడానికి కావలసిన పాస్‌వర్డ్ వాడి తలలో తప్ప ఎక్కడా లేదు. ఆ తలనే ఇప్పుడు తెరుస్తున్నారు.

జపమాల చేతిలోనే ఉంది.

లోపలికి తీసుకెళ్తుంటే వాడు తడబడుతూ, "అక్కా, నా పాత మూటలు భద్రమేనా?" అని అడిగాడు. భద్రమేరా అన్నాను.

కొత్తవి పెట్టుకో, వద్దనను. పాతవి మాత్రం చెరపకు. తీసేసిన వాటిని తిరిగి పెట్టు. వాడు కళ్ళు తెరిచేలోగా నా మాట నిజం చెయ్యి.

వాణ్ణి బతికించమని దేవుణ్ణి అడుగుతున్నాను. నిన్ను ఇదొక్కటే అడుగుతున్నాను.

అక్క