ఖైరతాబాద్‌లో ఆగిన తందాన

జులై 14, ఉదయం

భానుతేజ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. డాక్యుమెంటరీ తీస్తాడట. మా బుర్రకథ జట్టు మళ్లీ కలవాలట. నాంపల్లి లాడ్జిలో షూటింగట. భూమయ్య వస్తే నేను రానన్నాను. అందుకే మీరు కావాలి సార్ అన్నాడు.

భూమయ్య నా వంతగాడు. నేను చరణం పాడితే అతడు తందాన తాన అనాలి. అనకపోతే కథ అడుగు కదలదు. పదకొండేళ్ల కింద ఖైరతాబాద్ గణేశుడి ముందు, కథ నడుమ, వాయించే గుమ్మెటను నేల మీద పెట్టి చాయ్ తాగడానికి పోయాడు. అంత జనంలో నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆ తర్వాత తంబూరా ముట్టలేదు.

ఎందుకు పోయాడో అడగాలి. అందుకోసమే వెళ్తున్నాను.

జులై 17

కెమెరా పెట్టేదాకా మేం ఒకరినొకరం చూసుకోకూడదట. రియల్ ఎమోషన్ పోతుందట. వేర్వేరు ఫ్లోర్లు ఇచ్చారు. పొద్దున్నే లిఫ్టులో ఇద్దరమే ఎదురుపడ్డాం. అతడు గోడ చూశాడు, నేను బటన్లు చూశాను. లిఫ్టంటే గుర్తొచ్చింది. అబిడ్స్ బట్టల షాపులో లిఫ్టు ఎక్కనని నా భార్య పద్మ మెట్ల మీదే చీర బేరం చేసింది. ఆకుపచ్చ చీర. సరే.

సాయంత్రం

కెమెరా ముందు కౌగిలించుకోమన్నాడు భానుతేజ. లైట్ బాలేదట, మళ్లీ. ఫ్యాన్ చప్పుడట, మళ్లీ. భూమయ్య గడ్డం నా చెంప గీకేసింది. ఆ మంటకు కన్నీళ్లొచ్చాయి. సూపర్ సార్ అన్నాడు కుర్రాడు. పళ్లు నూరుకున్నాను.

జులై 18

ముసురు. గుమ్మెట తోలు మెత్తబడింది. సెగ చూపితే తప్ప పలకదు. భూమయ్య రూములోనే పేపర్లు వెలిగించాడు. ఫైర్ అలారం మోగింది. లాడ్జి మొత్తం ఫుట్‌పాత్ మీదికి దిగింది. నేను లుంగీలో. అతడు గుమ్మెట చంకలో పెట్టుకుని.

తిట్టాను. తిడుతూ తిడుతూ ఖైరతాబాద్ సంగతి దాకా పోయాను. కోపంలో గొంతు దానంతటదే పాత రాగం ఎత్తుకుంది. ఊపిరి తీసుకోను ఆగిన చోట భూమయ్య దరువు వేసి తందాన తాన అన్నాడు. నోటి అలవాటు. ఇంకో తిట్టు పాడాను. మళ్లీ అన్నాడు. ఎందుకు పోయావురా అని పాడాను.

దరువు ఆపాడు. ఆ రోజు యుద్ధం నడుమల రాజు కత్తి లేపి గట్లనే ఉన్నడు, నువ్వేమో కోఠిల చెప్పులు కొన్న ముచ్చట ఎత్తుకుంటివి, చెప్పులకు తందాన ఎట్లంటరన్నా, అన్నాడు.

జనం నవ్వారు. ఆ చెప్పులు ఇప్పటికీ తెగలేదని వాళ్లకేం తెలుసు.

అప్పుడు దిగాడు భానుతేజ, కెమెరాతో. సేమ్ కోపం, వన్స్ మోర్ సార్ అన్నాడు. ఇద్దరం కలిసి వాణ్ని తిట్టాం, తాళం తప్పకుండా. అది మాత్రం రికార్డయింది.

జులై 20

కత్తి ఎత్తి పదకొండేళ్లు. రాజు చెయ్యి ఎంత లాగిందో. భూమయ్యకు ఫోన్ చేసి, హలో అనకుండా, కోపంగానే ఆగిన చరణం పాడి కత్తి దింపించాను. తందాన తాన అన్నాడు.