ఘాటు రాలేదన్నాను

శాలిబండ,
14 జూలై 2025, సోమవారం.

చెల్లె వీణకు,

అక్క కళావతి దీవెనలు. నువ్వూ, సోనీ, కొత్తగా వచ్చిన చిన్నదీ చల్లగా ఉండాలి. మా క్షేమం మాత్రం అడగకు. మీ జహనుమా ఎంత దూరమని ఈ ఉత్తరం, ఫోన్ చేయరాదా అంటావు. నీ గొంతు వింటే నాకు నోరు పెగలదు. అందుకే రాసి మీ బావ చేతికిస్తున్నాను.

చిన్నదాన్ని ఉయ్యాలలో వేసే తొట్టెలకు రమ్మన్నావు. అమ్మ లేదు కాబట్టి బిడ్డకు నీళ్లు నువ్వే పోయాలన్నావు. నేను రాను వీణా. కోపం తెచ్చుకో, కానీ పూర్తిగా చదువు.

పద్దెనిమిదేళ్లుగా ఉస్మాన్‌గంజ్ గోదాములో మిర్చి తొడిమలు తీస్తున్నాను కదా. మొదట్లో తుమ్ములు, తర్వాత దగ్గు. ఇప్పుడు అవేవీ లేవు, అలవాటు పడ్డానని మురిసిపోయాను. పోయిన నెల నేను పొయ్యి పక్కనే కూర్చుని ఉండగా పప్పు మాడి బొగ్గయింది. మీ బావ గల్లీలోంచి ఉరికొచ్చి, ముక్కున్నదా లేదానే నీకు అని లొల్లి పెట్టాడు. నిజంగానే లేదట. డాక్టరమ్మ చూసి, మిర్చి దుమ్ముకు వాసన పోయింది, ఇక రాదు, ఆ పని మానెయ్ అంది. మానేసి ఏం చేయాలో ఆమె చెప్పలేదు. ధనియాల దగ్గర కూర్చోబెట్టమని సేటును బతిమాలాను. ఉధర్ జగా నై అమ్మా అన్నాడు, అక్కడ చోటు లేదట. మళ్లీ మిర్చి కుప్ప ముందే కూర్చున్నాను. కొబ్బరినూనె రాసినా చేతుల మంట పోవడం లేదు.

ఇంకో కబురు. మా ఎదురింటి లలితమ్మ మంగళవారం పోయింది. మన వాడలో సగం మందిమి ఆమె కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకున్నవాళ్లమే. రోజుకు ముగ్గురు పసిపిల్లలకు పోసి కూడా ఏనాడూ మోకాళ్ల నొప్పి అనలేదు.

ఆరేళ్ల కింద నువ్వు సోనీ పురుటికి మా ఇంట్లో ఉన్నప్పటి సంగతి గుర్తుందా? సాయంత్రం పిల్ల ఒక్కసారిగా గుక్కపట్టింది, కండ్లు ఎర్రబడ్డాయి. పిల్లను చూడ్డానికొచ్చిన మీ అత్త దిష్టి అంది. పిల్లకు మిరపకాయలు తిప్పి నా చేతికిచ్చింది. వాకిట్లో కుంపట్లో వేశాను. ఘాటు వస్తే ఏమీ లేనట్టు, రాకపోతే దిష్టి తాకినట్టు. రాలేదన్నాను. పొద్దుగాల నీళ్లు పోసినదాని కండ్లే తాకినయ్ అని మీ అత్త వాడంతా చాటింది.

ఆ తర్వాత లలితమ్మను ఎవరూ పిలవలేదు. గడప మీద కూర్చుని కాళ్లు చాపుకుని, ఆ ఒట్టి కాళ్లకు నూనె రాసుకునేది. పని పోయిన ఏడాదికి నడక పోయింది, తర్వాత మాట పోయింది. దవాఖానలో చూస్తే ఏ రోగమూ లేదన్నారు.

నా ముక్కు అప్పటికే చెడిపోయిందేమో, ఘాటు వచ్చినా నాకు తెలియలేదేమో. ఈ మాట మీ అత్తకు చెప్పు. పోయినామె మీది నిందైనా పోవాలి. నాకు మస్తు సిగ్గుగా ఉంది వీణా.

సోనీకి ముద్దులు.

నీ అక్క,
కళావతి

తా.క. ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. ఇందులోనూ నన్ను నేను కాపాడుకున్నాను. ఆ సాయంత్రం గోదాము నుంచి నేరుగా వచ్చి, చేతులు కడగకుండా సోనీ కంటి కాటుక తుడిచాను. పిల్ల ఏడ్చిన క్షణమే నాకు తెలిసిపోయింది. అప్పటికి నా ముక్కు బాగానే ఉంది. మీరంతా లోపల పిల్ల దగ్గర ఉన్నారు. కుంపటి ఘాటుకు నాకూ దగ్గొచ్చింది, ఏడుపు విని వచ్చి నా పక్కన నిలబడ్డ లలితమ్మకూ దగ్గొచ్చింది. అయినా రాలేదని కేకేశాను. ఆమె నా మొహం చూసింది, నా చేతులు చూసింది. ముందు చేతులు కడుక్కో బిడ్డా అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది. ఆరేళ్లు మా ఎదురు గడప మీదే కూర్చుంది, ఒక్కరికీ చెప్పలేదు.