ఇంజిన్ నంబరు అచ్చు

అన్నయ్యా,

కుశలం అడగడానికి రాయడం లేదు. కంపెనీ బిగించిన చిన్న ఇంజిన్ మార్చకుండా మిగిలిన పాత కార్ల కోసం మూడేళ్లుగా తిరుగుతున్నాను కదా, నిన్న ఒకటి దొరికింది. ఎప్పటిలాగే ఇంజిన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. కారు మనది కాదు, నంబరు మాత్రం నాన్న కారు ఆర్సీ పుస్తకంలో ఉన్నదే.

నాన్న పేరు చెప్పగానే, "ఇంజిన్ మీ అన్నయ్యగారే అమ్మారమ్మా" అన్నాడు యజమాని. తల కొట్టేసినట్టయింది.

నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు మార్చేశావన్నమాట. ఇంటికొచ్చి స్టార్ట్ చేసి, "చప్పుడు తేడాగా ఉందిరా" అన్నారాయన. "నీకు చెవులు పోయాయి నాన్నా" అన్నావు. నలభై ఏళ్లు మెకానిక్‌గా బతికిన మనిషి, నీ మాట నమ్మి మళ్లీ షెడ్డు తలుపు తీయలేదు.

అచ్చు కాగితం పంపుతున్నాను. ఆయన చెవులకేమీ కాలేదు.

చెల్లెలు