రుక్కు ఒక్కతే బడికి పోయిన రోజు

చందానగర్,
20-11-1974

చిరంజీవి సక్కుబాయికి, మీ అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ బిడ్డ రుక్కూ బాగున్నాం. ఈసారి ఈ మాట నిజంగానే రాస్తున్నాను. వరంగల్లులో నువ్వూ నలత లేకుండా ఉన్నావని అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ, నీ ఉత్తరం నాలుగు రోజులు ఆలస్యమయ్యేసరికి పోస్టుమ్యాన్ సైకిల్ గంట వినపడ్డప్పుడల్లా వాకిట్లోకి ఉరికాను.

నువ్వు అడిగినవి చెప్తాను. బర్రె ఈనింది, పెయ్యదూడ. వెనక గోడ వానకు కూలలేదు, కానీ కూలేటట్టే ఉంది. హాస్టలు మెట్లు తడిగా ఉంటాయన్నావు, గోడ పట్టుకుని దిగు. గుండె దడ దవాఖానలో చూపించుకున్నావా అన్నావు. చూపించుకున్నాను. రుక్కు చదువు ఎట్లా ఉందని మూడు ఉత్తరాల్లో అడిగావు. అదీ చెప్తాను, కానీ దవాఖాన సంగతి ముందు చెప్తే గానీ అది అర్థం కాదు.

శ్రావణంలో ఒకరోజు దడ ఎక్కువై, చేతులు చల్లబడి, వాకిట్లోనే కూలబడ్డాను. పక్కింటి భాగ్యమ్మ వచ్చింది.

"ఇది గాలి సోకుడే నీలమ్మా. మంత్రం వేయించాలె."

"ముప్పై ఏండ్ల సంది వేయించుకుంటనే ఉన్న. ఆ గాలికి నేనంటే మస్తు పానం" అన్నాను.

నవ్వింది గానీ, నన్ను రామచంద్రాపురం దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పుణ్యవతి అని, ఏలూరు వైపు మనిషి. "గుండె ఉక్కులా ఉంది మామ్మగారూ" అంది. ఆ తర్వాత, "తలుపు తెరిచి ఉంచమంటారా, మూయమంటారా?" అని అడిగింది. నా ఇష్టమేమిటని నన్నెవరూ అట్లా అడగలేదు సక్కూ. చెయ్యి పట్టుకునే ముందు కూడా పట్టుకోనా అని అడిగింది. ఇన్నేళ్ళూ అందరూ నీకేం సోకింది అన్నారు. ఆమె ఒక్కతే, "మీకేం జరిగిందండీ? చెప్పాలనిపిస్తేనే చెప్పండి" అంది. మూడుసార్లు పోయి బర్రె ముచ్చట్లే చెప్పి వచ్చాను. విసుక్కోకుండా విన్నది. నాలుగోసారి నోరు తెరిచాను. ఆమెకు చెప్పిందే నీకూ చెప్తున్నాను.

నీ అన్న బాలనర్సయ్య జ్వరంతో పోయాడని నీకు చెప్పాం. అది అబద్ధం. మీ నాయన గుట్ట మీద రాళ్ళు పగలగొట్టే పనిలో ఉండేవాడు. ఆ రోజు సద్ది మరిచిపోయి పోయాడు. ఏడేళ్ళ పిల్లవాడి చేతికిచ్చి నేనే పంపాను. వాడు గుట్ట ఎక్కుతుండగా బండకు పెట్టిన తూటా పేలింది. ఆ చప్పుడు ఇంట్లో నిలబడి విన్నాను. అప్పటినుంచి ఏ పిల్ల కంటికి దూరమైనా అదే చప్పుడు నా చెవుల్లో. నిన్ను మీ నాయన పట్టుబట్టి చదివించాడు. ఇప్పుడు ఆయన లేడు, నాకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

అందుకని, బిడ్డా, రుక్కు జూన్ నుంచి మూడు నెలలు బడి ముఖం చూడలేదు. బడి రైలు పట్టాలకు అవతల కదా. రోజూ తల దువ్వి, రిబ్బన్లు కట్టి, గడప దగ్గర చెయ్యి పట్టుకుని ఆపేసేదాన్ని. పిల్ల ఏడ్చేది. నీకేమో లెక్కల్లో అదే ఫస్టు అని రాశాను. అల్లుడు పోయిన దుఃఖంలో గుండె గట్టి చేసుకుని నర్సు చదువుకు పోయినదానివి, నిజం తెలిస్తే అంతా వదిలి వచ్చేస్తావని భయపడ్డాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "మీ ఒంటికి ఆ రోజు ఇంకా అయిపోలేదండీ. అయిపోయిందని దానికి మెల్లగా నేర్పుదాం. ఎక్కడ మొదలుపెట్టాలో మీరే చెప్పండి" అంది.

"బడిలనే కూసుంట" అన్నాను. హెడ్మాస్టరుకు చీటీ రాసిచ్చింది. ఎనిమిది రోజులు రెండో తరగతిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఏం నీలమ్మా, హాజరుల నీ పేరు గూడ పిలవాల్నా?" అన్నాడు హెడ్మాస్టరు వెంకటనారాయణ సారు.

"పిలువుండ్రి సారూ, ఈ పోరగాండ్ల కంటె నేనే నిమ్మలంగ కూసుంటున్న" అన్నాను. పిల్లలంతా ఒకటే నవ్వు.

తర్వాత వరండా, తర్వాత గేటు, తర్వాత రైలు పట్టాల ఇవతల. రెండుసార్లు ఆగలేక మళ్ళీ తరగతిలోకే ఉరికాను. "అమ్మమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్" అని రుక్కు తల పట్టుకుంది. ఒక అడుగు వెనక్కి వేస్తే ఓడిపోయినట్టు కాదని డాక్టరమ్మ చెప్పింది.

మొన్న సోమవారం ఇంటి దగ్గరే ఉండిపోయాను. నీ బిడ్డ నా చెయ్యి లేకుండా పట్టాలు దాటి పోయింది. మధ్యాహ్నం గచ్చిబౌలి దిక్కున బండలకు తూటాలు పేల్చారు. గూట్లో గిన్నెలు కదిలాయి. నా కాళ్ళు వాటంతట అవే వీధి వైపు పోయాయి. డాక్టరమ్మ నేర్పినట్టు విసుర్రాయి మీద రెండు చేతులూ ఆనించి, చల్లగా తగులుతుంటే పైకే అన్నాను: "ఇది విసుర్రాయి. అది దూడ. ఇయ్యాల సోమవారం. రుక్కు బడిల ఉన్నది. బాలనర్సు పోయి ఇరవై ఎనిమిదేండ్లాయె." ఆ చివరి మాట నోటితో అనడం అదే మొదలు. వెక్కి వెక్కి ఏడ్చాను. కానీ గడప దాటలేదు సక్కూ! సాయంత్రం దాకా దాటలేదు!

రుక్కు వచ్చి సంచి విసిరేసి, "ఇయ్యాల రాలేదేంది?" అంది.

"రాబుద్ధి కాలే" అన్నాను.

"గట్లనా" అని దూడ దగ్గరికి పోయింది. నాకు అంత పెద్ద యుద్ధం, దానికి గట్లనా! అట్లాగే ఉండాలి.

అబద్ధాలు రాసినందుకు కోపం తెచ్చుకో, తిట్టు. చదువు మాత్రం వదలకు. రుక్కుకు లెక్కల్లో వచ్చినవి ముప్పై ఎనిమిది మార్కులే, ఇది నిజం. నీ అన్న గురించి ఏం అడగాలనిపించినా అడుగు, ఇప్పుడు చెప్పగలను.

శనివారం బడి పిల్లలను బస్సులో గోల్కొండకు తీసుకుపోతున్నారు. ఇంటిపెద్ద ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం కావాలన్నారు. "నువ్వు గూడ వస్తవా నీలమ్మా, ఒక సీటు ఆపమంటవా?" అన్నాడు వెంకటనారాయణ సారు.

"నాకు పనున్నది సారూ, మీరు పోయి రాండ్రి" అని సంతకం పెట్టిచ్చాను.

ఇట్లు,
నిన్ను కన్న తల్లి,
నీలమ్మ