తోడు కుర్చీ

శుక్రవారం, పొద్దున ఏడు గంటలు

లేచాడమ్మా! నీ తమ్ముడు నిన్న సాయంత్రం మంచం దిగి, చొక్కా తొడుక్కుని, మెట్లు దిగి వీధిలోకి నడిచాడు.

చూశావా, ముందు నీకు దీవెనలు రాయాలన్న మర్యాద కూడా మరిచిపోయాను. నా బంగారు తల్లికి నాన్న ముద్దులు. అల్లుడుగారికి, పిల్లలకు ప్రభువు కాపుదల ఉండాలి. ఇక్కడ మేము క్షేమం. ఈ ముక్క రెండు నెలలుగా అలవాటుకొద్దీ రాస్తున్నాను, నిజంగా రాస్తున్నది ఇవాళే. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు. నలభై ఏళ్లు రొట్టెల బట్టీలో పిండి పిసికిన చెయ్యి, కలం పట్టింది తక్కువ.

నీకు తెలిసిన సంగతే అయినా మొదటినుంచి చెప్పకపోతే నాకు తోచదు. వంతెనకు రంగు వేస్తుండగా వీడి జతగాడు పడి చనిపోయిన రోజునుంచి వీడు గోడవైపు తిరిగి పడుకున్నాడు కదా. ఇనుప కొక్కెం తుప్పుపట్టి విరిగిందని విచారణకు వచ్చినవాళ్లు తేల్చారు. తాడు ముడి వేసింది నేనే కదా అని వీడు ఒక్క మాటన్నాడు. ఆ తర్వాత నోరు విప్పలేదు. నువ్వు సెలవు పెట్టి వచ్చి వారం రోజులు పక్కన కూర్చున్నా పలకలేదు. పాలల్లో రెండు రొట్టె ముక్కలు ముంచిపెడితే ఒకటి తినేవాడు. ఒంట్లో జబ్బేమీ లేదు, బతకాలన్న ఆశే లేదు, ఇలాగే తినకపోతే ఇంకో నెల బతుకుతాడని కూడా చెప్పలేనని డాక్టరుగారు నాతో అన్నారు. ఆ మాట నీకు రాయలేకపోయాను తల్లీ.

నువ్వు వెళ్లిన మర్నాడే మన ప్రార్థన మందిరంనుంచి తోడు కుర్చీ వచ్చింది. ఇది నీకు తెలియదు, కొత్త పాస్టరుగారు పెట్టిన పద్ధతి. సిలువకు ముందు రాత్రి తోటలో ప్రభువు తన శిష్యులను అడిగింది ఏమిటి, నాకోసం యుద్ధం చెయ్యమని కాదు, ఒక్క గంట మెలకువగా తోడుండమని, వాళ్లేమో నిద్రపోయారు, మనమైనా ఆ గంట కూర్చుందాం అంటారాయన. కష్టం వచ్చిన ఇంటికి ఒక చెక్క కుర్చీ తెచ్చి వేస్తారు. రోజూ నాలుగింటికి వంతులవారీగా ఒకరు వచ్చి గంటసేపు అందులో కూర్చుంటారు. సలహాలు ఇవ్వకూడదు, ఓదార్చకూడదు, ఊరికే ఉండాలి. కష్టం గట్టెక్కాక ఆ ఇంటివాళ్లే కుర్చీని భుజాన వేసుకుని ఇంకో కష్టమున్న ఇంటికి మోసుకెళ్లాలి.

ఊరికే ఉండటం ఎంత కష్టమో అప్పుడు చూశాను. మంగళవారం సెలూన్ ఆయన వంతు. అరగంటకే ఊపిరాడనట్టు అయిపోయి, గడ్డం బాగా పెరిగింది, కనీసం అదైనా గీస్తానండీ అని నా చెవిలో బతిమాలాడు. లెక్కల మాస్టారు బుధవారం వచ్చి పది నిమిషాలకే గురక పెట్టేవారు. ప్రభువు శిష్యులతో పోల్చి చూసుకుంటే ఆయనకు పెద్ద తప్పేం లేదులే.

గురువారం మాత్రం ఊలు అల్లుకునే ఒక పెద్దావిడ వచ్చేది. మందిరానికి కొత్త. ఎక్కువ మాట్లాడదు, పేరు కూడా వంతుల పట్టీలో వద్దంది, గురువారం పెద్దమ్మ అని రాసుకోండి చాలంది. ఆవిడ వచ్చిన రోజు గది ఇంకోలా ఉండేది తల్లీ, ఎలా చెప్పను. కిటికీలోంచి నది మీది మంచు మెల్లగా లోపలికి వచ్చి కుర్చీ కాళ్ల చుట్టూ నిలిచేది. ఆవిడ ఒళ్లోని తెల్ల ఊలు ఎక్కడ అయిపోయిందో, మంచు ఎక్కడ మొదలయిందో తెలిసేది కాదు. కుర్చీ నేల మీద ఉందా, నీళ్ల మీద తేలుతోందా అనిపించేది. నేను గుమ్మంలో నిలబడి మీ అమ్మ బతికున్న రోజుల్లోకి వెళ్లిపోయేవాణ్ని. అయిదు కొట్టగానే ఆవిడ లేచి దుప్పటి అంచు సర్ది వెళ్లేది. ఆ రోజుల్లో మీ తమ్ముడు రెండో రొట్టె ముక్క కూడా తినేవాడు.

నిన్న గురువారం. నాలుగయింది, నాలుగుంపావయింది. ఆవిడ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది. మీ తమ్ముడు ఇటు తిరిగాడు. రెండు నెలల తర్వాత వాడి మొహం పూర్తిగా చూశాను. గొంతు తుప్పుపట్టిన గడియలా ఉంది.

“పెద్దమ్మ రాలేదేం నాన్నా?”

నేను తడబడి, ఏమోరా, ఒంట్లో బాగాలేదేమో అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. “ఆవిడకెవరున్నారు? చొక్కా ఇలా ఇవ్వు” అన్నాడు.

చొక్కా తొడుక్కుని మంచం దిగాడు. కుర్చీని భుజానికెత్తుకున్నాడు. పట్టుకోబోతే పట్టుకోనివ్వలేదు. వీధంతా మంచు. ముందు వాడు కనిపించడం లేదు, కుర్చీ ఒక్కటే గాలిలో వెళుతున్నట్టుంది. సెలూన్ ఆయన కత్తెర పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, సగం క్రాపుతో ఉన్న మనిషిని లోపల వదిలేసి, స్తోత్రం స్తోత్రం అంటూ నిలబడిపోయాడు. ఇల్లెక్కడో నేను చెప్పలేదు. వాడి కాళ్లకే తెలిసినట్టు ఏటిగట్టు వీధిలో ఆవిడ ఉంటున్న అద్దెగదికి నడిచాడు.

నేను బయటే ఆగిపోయాను. కిటికీ అద్దానికి ఆవిరి పట్టింది. కుర్చీలో వాడు, మంచం మీద ఆవిడ. వాడు మాట్లాడుతున్నాడు తల్లీ! ఆగకుండా, చేతులు తిప్పుతూ. ఆవిడ ఊలు పక్కన పెట్టి వింటోంది. ఒకసారి ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. గంట దాటింది, రెండు గంటలయింది. ఇంటికొచ్చి పాలు తాగి, రొట్టె ఇంకా ఉందా అని అడిగాడు. బట్టీవాడి ఇంట్లో రొట్టె ఉందా అని అడుగుతాడు, వెర్రివెధవ. ప్రభువుకు స్తోత్రం. నా గుండె నిండిపోయింది, ఇక చాలు.

నిన్ను ఎప్పుడూ తలుచుకునే
నాన్న

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను తల్లీ. పైన రాసిందంతా నిజమే, కానీ సగం.

ఆ పెద్దావిడ చనిపోయిన కుర్రాడి తల్లి. కొడుకు సామాన్లు తీసుకెళ్లడానికి వచ్చి, తీసుకెళ్లలేక ఆ అబ్బాయి అద్దెకున్న గదిలోనే ఉండిపోయింది. పోయిన సోమవారం పాస్టరుగారి మాటల్లో నాకు తెలిసింది. భయమేసింది. ఆవిడెవరో వీడికి తెలిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుందనుకున్నాను. బుధవారం వెళ్లి, గుమ్మంలోనే నిలబడి, ఇక మా ఇంటికి రావద్దక్కయ్యా అన్నాను. కొడుకుని పోగొట్టుకున్న తల్లితో అన్నాను. నాకోసం సంఘమంతా కూర్చుంది, ఆవిడకోసం ఒక్కరం కూర్చోలేదు, పైగా నేను వెళ్లి తలుపేశాను.

ఆవిడ ఒక్కటే అంది. “సరే తమ్ముడూ. నా కొడుకుని ఆఖరుగా చూసిన కళ్లు ఆ అబ్బాయివి. వాటి దగ్గర గంటసేపు కూర్చుంటే నాకు ఆ రాత్రి నిద్రపట్టేది.”

మీ తమ్ముడికి మొదటి గురువారమే తెలుసట. ఆవిడ దుప్పటి అంచు సర్దుతుంటే ఓరకంట చూశాడట, ఆవిడ కుడి కనుబొమ్మ ఎత్తడం అచ్చం నవ్వు ఆపుకునేటప్పుడు వాడి జతగాడు ఎత్తినట్టే ఉందట. నిన్న చెప్పినవన్నీ ఆ కుర్రాడి కబుర్లే, ఆఖరి రోజు పొద్దున వేసిన జోకులతో సహా. ఎందుకు రాలేదని అడిగితే ఒంట్లో ఓపిక లేదు బాబూ అందట. నా తప్పు మీద ఆవిడే దుప్పటి కప్పింది.

ఇందాక మీ తమ్ముడికి అంతా చెప్పేశాను. “వచ్చే గురువారం వంతు నీది నాన్నా. వెళ్లి కూర్చో. ఏమీ మాట్లాడకు” అన్నాడు. వెళతాను.

వీళ్లందరికీ నువ్వే చెప్పాలి, ఎవరి దగ్గరా సగంలో ఆపకు:

పెద్ద మేనత్తకి. కూర్చోబెట్టి చెప్పు, గుండెజబ్బు మనిషి.

మీ అత్తగారికి. ముందు నా తప్పు చెప్పు, లేకపోతే మంచివార్త వినగానే ఫోను పెట్టేస్తుంది.

చిన్నాన్నకి. పదేళ్లుగా నాలో తప్పు వెతుకుతున్నాడు, పాపం, దొరికిందని చెప్పు.

మీ అమ్మ చెల్లెలికి, ఆవిడ పిల్లలకి.

ఇంకొకరున్నారు. మీ ఊళ్లోనే, నువ్వు పనిచేసే ఆసుపత్రి వెనక వీధిలో, బట్టలు కుట్టే ఆవిడ. చనిపోయిన అబ్బాయికి పిన్ని. ఆవిడకి నువ్వే స్వయంగా వెళ్లి చెప్పు. చుట్టాల్లోనే రాసుకో.