బీదర్ నుంచి పుట్టపర్తికి యాభై ఎనిమిది నిమిషాలు

పెనుకొండ

చిరంజీవి తిప్పేస్వామికి బావ ఓబుళప్ప ఆశీస్సులు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటావు. ఉత్తరానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

వచ్చే నెల పదో తేదీ గురువారం పదకొండు గంటలకు మా సాయిసుధకు చెవులు కుట్టిస్తున్నాం. పిల్లను మేనమామ ఒళ్ళోనే కూర్చోబెట్టాలి. మా పెళ్ళికి తలంబ్రాలయ్యాక వచ్చావు. సీమంతానికి గాజులు తొడిగాక వచ్చావు. ఈసారీ లేటయితే మీ అక్క జన్మలో నీతో మాట్లాడదట.

నెట్‌లో చూశాను. బీదర్ విమానాశ్రయం నుంచి పుట్టపర్తి విమానాశ్రయానికి నాలుగు వందల పద్దెనిమిది కిలోమీటర్లు, యాభై ఎనిమిది నిమిషాలు. ఇంక సాకులు చెల్లవు.

ఇట్లు,
ఓబుళప్ప

తా.క. కిటికీ పక్క సీటు అడుగు. గుర్తు కోసం మా మిద్దె మీద ఎర్ర టార్పాలిన్ పరిచాను.

బీదర్

బావకు తిప్పేస్వామి నమస్కారాలు. అక్క కోపం తలుచుకుంటే షాపులో మోటార్లకు తీగ చుట్టేటప్పుడు చుట్ల లెక్క తప్పుతోంది. కానీ బావా, ఆ దారిలో విమానమే లేదు. ఏ రెండు ఊర్ల పేర్లు కొట్టినా నెట్ దూరం, టైము లెక్కగట్టి చెబుతుంది. నాకు సెలవు ఒక్కరోజే. రైల్లో వస్తాను.

ఇట్లు,
తిప్పేస్వామి

తా.క. టార్పాలిన్ తీసెయ్. కోతులు చింపుతాయి.

పెనుకొండ

తిప్పేస్వామికి, ఈసారి ఆశీస్సులు సగమే. విమానం లేకపోతే నిమిషాలు ఎట్లా తెలుస్తాయి? గంట అనలేదు, యాభై ఎనిమిది అన్నారు. ఎవరో పోయి చూసినవాళ్ళే చెప్పుంటారు.

నాకు అర్థమైంది. కమ్మలు మేనమామే పెట్టాలని గుర్తొచ్చి వెనకాడుతున్నావు. "వాడు రైలంటాండాడంటే రాడనే లెక్క" అని మీ అక్క అన్నం కూడా తినలేదు.

ఇట్లు,
ఓబుళప్ప

తా.క. కోతులు చింపేశాయి. ఇంకోటి పరిచాను.

బీదర్

బావకు, కమ్మలు కొని రెండు నెలలైంది. నా మీద ఇంత నమ్మకమున్నందుకు సంతోషం. సరే, నీ విమానంలోనే వస్తాను. గురువారం పది గంటలకు పుట్టపర్తిలో దిగుతాను. మేళం పెట్టుకుని గేటు దగ్గర నిలబడు.

ఇట్లు,
తిప్పేస్వామి

తా.క. పూలమాల మరిచిపోవద్దు.

పెనుకొండ

చిరంజీవి తిప్పేస్వామికి నిండు ఆశీస్సులు. దారికొచ్చావు. నేనూ మీ అక్కా మేళం వాళ్ళతో తొమ్మిదిన్నరకే గేటు దగ్గర ఉంటాం. ఎండకు పిల్లను తేము, పక్కింటి సోమక్క అవ్వ దగ్గర ఉంచుతాం.

ఇట్లు,
ఓబుళప్ప

తా.క. విమానంలో ఫోన్లు ఆపాలంట. నువ్వు దిగేదాకా మా ఫోన్లు కూడా ఆపేస్తాం. ప్రమాదం మన వైపు నుంచి రాకూడదు.

పెనుకొండ, మీ ఇంటి అరుగు మీద
గురువారం, మధ్యాహ్నం రెండు

అక్కకు, బావకు నమస్కారాలు. విమానమని నేను వెటకారానికి రాస్తే మీరు నిజమనుకున్నారు. మీరు జవాబు రాశారట, అది నేను రైలెక్కాక చేరినట్టుంది. ధర్మవరంలో దిగి, బస్సెక్కి, సరిగ్గా పదింటికి మీ గడప తొక్కాను. పుట్టి బుద్ధెరిగాక ముందుగా రావడం ఇదే.

"ఏమప్పా, నువ్వు పైనించి దిగుతావని వాళ్ళు ఆడ కాసుకోనుండారు. నువ్వు ఈడికి నడిచొస్తాండావే" అంది అవ్వ. ఫోన్లు చేస్తే రెండూ స్విచాఫ్.

పదకొండుకు కంసాలి వచ్చాడు. పన్నెండు దాటితే మంచి గడియ లేదన్నాడు. "మేనమామ ఉండాడు, చాలు" అని అవ్వ పిల్లను నా ఒళ్ళో పెట్టింది. ఒక చెవికి ఏడ్చింది. రెండో చెవికి నా మీసం పట్టుకుంది. అప్పుడు నేను ఏడ్చాను. కమ్మలు బాగా కుదిరాయి.

సాయంత్రం రైలు తప్పితే నా పని పోతుంది, వెళుతున్నాను. అక్కా, ఈసారి లేటయింది మీరు. నేను మాత్రం నీతో మాట్లాడతాను.

ఇట్లు,
తిప్పేస్వామి

తా.క. బావా, నేను విమానం దిగితే, చెవులు కుట్టడం అయిపోయిందని నాకు చెప్పు.