గీత పడని తలుపు

6 ఫిబ్రవరి 2024, మంగళవారం

ఇయ్యాల రెండు తాళాలు. పొద్దుగాల పాత కంపెనీ క్వార్టర్ల ఒకాయన తువ్వాల మీద బయట నిలవడ్డడు. పేపర్ కోసం గడప దాటంగనే గాలికి తలుపు పడ్డదట. లోపల స్టవ్ మీద పాలు. నేను పొయ్యేసరికి పాలకన్న ఆయననే ఎక్కువ మసులుతుండు. నిమిషంల తీసిన. పాలు దక్కినయి. ఆయన ఇజ్జత్ అప్పటికే పోయింది, వాడకట్టంత చూసిన్రు.

నేను చదివింది ఐదు. బొగ్గు బాయి మీద ల్యాంపు రూంల పనిచేసేటప్పుడు, కిందికి దిగినోళ్లు పెట్టెల తాళంచెవులు కిందనే పోగొట్టుకొని వస్తుండె. వాళ్ల పెట్టెలు తీసి తీసి నేర్చుకున్న. బెల్లంపల్లిల బాయి మూతబడ్డది గని నా చెయ్యి మూతబడలే. పగలగొట్టుడు సుత్తె ఉన్న ఎవడన్న చేస్తడు. గీత పడకుంట తీసుడే పని.

ఊరందరికి తెలిసిన ముచ్చట ఈ డైరీల ఎన్నడు రాయలే. నాకో కట్టుబాటున్నది. ఆధార్ కార్డు అడగ. కార్డుల మొఖం ఎవనిది వాని లెక్క ఉండదు, నాదాంట్ల అయితే మా మామ లెక్క ఉంట. తలుపు బెత్తెడు తీసి, ముందుగాల నేనే తొంగి చూస్త. గోడ మీద ఫోటోల వాని మొఖం కనవడితెనే వాన్ని లోపలికి వదులుత. ముప్పై ఏండ్ల సంది గిట్లనే. ఒక్కపారి తప్పు కాలే.

8 ఫిబ్రవరి, గురువారం, సాయంత్రం 5

రామవ్వ ఇంటెనుక కిరాయి పోర్షన్ తాళం తీసిన. రామవ్వ మనుమనికి అక్షరాలు దిద్దిపియ్య బాసర పోయింది, ఇంట్ల ఎవరు లేరు. పిలిచినాయన పేరు వెస్లీ, ముప్పై ఐదేండ్లుంటయి. మస్కట్ నుంచి నిన్ననే దిగిండట. సూట్‌కేసుకు ఎయిర్‌పోర్టు చీటి ఇంక ఊడలే. భార్య ల్యాబుల రక్తం తీసే పనికి పోయింది, చెప్పకుంట వచ్చి సర్ప్రైజ్ చేస్త తాత, అన్నడు.

బెత్తెడు తీసి చూసిన. ఎదురంగనే పెండ్లి ఫోటో. సూటు, బొకే, వెనుక చర్చి మెట్లు. మొఖం ఆయనదే. పో బిడ్డా అన్న.

తలుపును అటు ఇటు తిప్పి చూసిండు. గీత సుత పడలే తాత, ఎవరన్న తీసిన్రని సుత తెల్వది, అన్నడు. అగో, గీ మెప్పు విని ఎన్నేండ్లాయె. ఇంటికొచ్చి బుచ్చవ్వకు రెండుసార్లు చెప్పిన. రెండోసారి నా ముసల్ది వినలే, టీవీ చప్పుడు పెంచింది.

9 ఫిబ్రవరి

పొద్దుగాల అంబులెన్స్ పోయింది. రామవ్వ వాడ దిక్కు.

10 ఫిబ్రవరి, శనివారం

రామవ్వ బాసర నుంచి వచ్చి, ఆసుపత్రికి పోయొచ్చి, నా తాళాల డబ్బా కొట్టు కాడికొచ్చింది. చేతుల ప్రసాదం కవర్ ఉన్నది గని ఇయ్యను మరిచింది.

పిల్ల పేరు హెప్సిబా అట. గురువారం పొద్దుమీకి డ్యూటీ నుంచి వచ్చి, తన తాళంచెవితోనే తలుపు తీసి, లోపలికొచ్చి లైటు వేసినంక చూసిందట ఆయనను. మంచం మీద కూసొని ఉన్నడట, ఎడమచేతి సైగలతోని రామవ్వకు చెప్పింది. తెల్లారేదాక ఎవరికి తెల్వలే. దవడ విరిగింది. కుడిచేతి మూడు వేళ్లు విరగ్గొట్టిండు. రక్తం తీసే చెయ్యి.

కరీంనగర్‌ల పెద్దాసుపత్రిల ఉన్నది. దవడకు తీగ కట్టిన్రు, మాట్లాడరాదు, రాయరాదు. ఆయననేమో, నా భార్యనే ఫోన్ చేసి పిలిచింది, తనే తలుపు తీసింది, బాత్రూంల జారి పడ్డది అన్నడట. ఎస్‌ఐ వచ్చి తలుపు చూసిండు. గీత లేదు. లాక్ మంచిగుంది. ఆమె తియ్యకుంటే ఎట్ల పోయిండంటవు అని రామవ్వనే అడిగిండట. ఆసుపత్రి కాయితాల మీద మొగని సంతకమే. బుధవారం డిశ్చార్జ్ చేపిచ్చి తన ఊరు ఇచ్చోడకు తీసుకపోతడట. ఆ ఇంట్లకెల్లి పారిపోయి గీ పిల్ల ఈడికొచ్చిందట.

మరి గోడ మీద ఫోటో ఎందుకున్నది అని అడిగిన. రామవ్వ కొంగు నోట్ల పెట్టుకున్నది. ఒక్క ఆడిదానికి ఇల్లియ్యనని నేనే అంటి మొగిలన్నా, పెండ్లి ఫోటో తెచ్చి గోడకు కొట్టినంకనే తాళంచెవి చేతిల పెట్టిన, అన్నది.

నేను తీసిన సంగతి ఆమెకు చెప్పలే.

11 ఫిబ్రవరి, ఆదివారం

చర్చికి పోయిన. పాస్టర్ ఏం చెప్పిండో యాదిలేదు. పీఠం పక్క బీరువాది ఏ రకం తాళమో మాత్రం చూసిన.

12 ఫిబ్రవరి, రాత్రి

బుచ్చవ్వకు చెప్పిన. తను తిట్టలే. పళ్లెం ముందర పెట్టి, నువ్వు స్టేషన్‌కు పోతే నీ పని బందయితదా అని అడిగింది. అయితది అన్న. జైలుల పెడుతరా? పెట్టవచ్చు. ఆ పిల్ల ఇచ్చోడకు పోతే బతుకుతదా? నేను బువ్వ కలుపుకుంట కూసున్న. రేపు పోకుంటే ఎల్లుండి నుంచి నీ బువ్వ నువ్వే వండుకో అన్నది. నలభై ఎనిమిదేండ్ల కాపురంల గింత తక్కువ మాటలు నా మీద ఎన్నడు వాడలే.

13 ఫిబ్రవరి, మంగళవారం

పొద్దుగాలనే పోయిన. ఎస్‌ఐ ముందుగాల నమ్మలే. డెబ్బై రెండేండ్ల ముసలోనివి, చేతులు చూడు ఎట్ల వణుకుతున్నయో, ఆ పిల్ల తరఫున ఎవరన్న పంపిన్రా అన్నడు. సార్, చేతులు తాళం ముట్టేదాకనే వణుకుతయి అన్న.

జీపుల రామవ్వ ఇంటికి తీసుకపోయిన్రు. ఇద్దరు సాక్షులు, వీడియో తీసే కానిస్టేబుల్. ఎస్‌ఐ తలుపేసి, మంచిగ పడ్డదా అని గుంజి చూసి, కానియ్ అన్నడు. బాగ చెయ్యకపోతే అబద్ధపోణ్ని. బాగ చేస్తే దొంగను.

నలభై సెకన్లు.

ఎస్‌ఐ సెల్ లైటు పెట్టి అద్దాలు తుడుచుకొని చూసిండు. వేలితో తడిమిండు. గీత లేదు. గుంపుల ఎవడో చప్పట్లు కొట్టిండు. ఒక కానిస్టేబుల్ పక్కకొచ్చి, మా అత్త ట్రంకు పెట్టె ఒకటున్నది తాత, నీ నంబర్ చెప్పు అన్నడు. ఎవరు తిట్టలే. తిడితే బాగుండు.

తలుపు తెరిచే ఉన్నది. లోపల బండల మీద మరకను ఎవరు కడగలే. రామవ్వ అటు చూడకుంట గోడకు ఒరిగి ఏడుస్తుంది.

14 ఫిబ్రవరి, బుధవారం

డిశ్చార్జ్ కాయితం మీద సంతకం పెట్టవోతుంటే వెస్లీని ఆసుపత్రిలనే పట్టుకున్నరట. నన్ను మూడుసార్లు పిలిచి రాయిపిచ్చుకున్నరు. కోర్టుకు రావాలె అన్నరు. సాక్షిగనా, ముద్దాయిగనా అని అడిగిన. చూద్దాం అన్నడు ఎస్‌ఐ.

22 ఫిబ్రవరి

డబ్బా తెరవలే. నాలుగు ఫోన్లు, దేనికి పోలే. ఐదోది బాత్రూంల ఇరుక్కున్న మూడేండ్ల పొల్ల. పోయిన. తలుపు తియ్యంగనే పొల్లనే ముందుగాల నవ్వింది.

3 మార్చి, ఆదివారం

హెప్సిబా వచ్చింది. సామాన్లకు కాదు, ఉండనే వచ్చింది. రామవ్వనే కార్ల తీసుకొచ్చింది. చేతికి పట్టీ, మాట ఇంక నమిలినట్టే వస్తుంది. ఇంటికి రమ్మని కబురు పంపితే పోయిన. దండం పెట్టవోయిన, పట్టీ చేత్తోనే ఆపింది.

కొత్త తాళం వెయ్యి తాత, అన్నది. నువ్వు తియ్యలేనిది.

ఆ పిల్లకు అబద్ధం చెప్పబుద్ధి కాలే. బయటికెల్లి వేసేది ఏదైన తీస్త బిడ్డా, లోపలికెల్లి వేసుకునే గడె ఒక్కటే నాతోటి కాదు, అన్న.

తలుపు దిక్కు చూసింది. మరి నేను డ్యూటీకి పొయ్యేటప్పుడు లోపలికెల్లి ఎవరేస్తరు తాత, అని అడిగింది.